అన్నం తిన్న మనిషి ఎక్కడ పడుకుంటాడు?



ఈ పూట మీతో ఒక పరుగు గురించి మాట్లాడదామని వచ్చాను. ఎవరినో ఓడించి కప్పు తెచ్చుకునే పరుగు కాదండీ ఇది. ఇల్లూ వాకిలీ లేక, రాత్రయితే ఏ గుడి మంటపంలోనో, ఏ బస్టాండు బల్ల మీదో నడుం వాల్చే మనుషుల కోసం నాలుగు రూపాయలు పోగుచెయ్యడానికి తీసే పరుగు. మారథాన్ పరుగు.

మారథాన్ అంటే ఎంత దూరమో ముందు చెప్పుకుందాం. 42 కిలోమీటర్ల 195 మీటర్లు. అంకె చెబితే మనసుకి పట్టదు. మన కోనసీమలోనే కొలుద్దాం. యానాం నుంచి గౌతమి దాటి ఇవతలికి వస్తే ఎదుర్లంక. బాలయోగి గారి పేరు పెట్టిన వారధి అక్కడే ఉంది. ఆ వారధి దగ్గర బయలుదేరండి. ముమ్మిడివరం దాటండి. అమలాపురం రండి. అక్కడ ఆగకండి. ఊరు దాటి బోడసకుర్రు దాకా వెళ్ళి, వంతెన మీద వైనతేయ కూడా దాటండి. ఇంచుమించు అదీ మారథాన్. గోదావరి ఒక పాయ దగ్గర మొదలుపెట్టి ఇంకో పాయ దాటేదాకా, మన కాళ్ళ మీద మనం.

ఇంత దూరం పరుగెత్తితే ఇల్లు లేనివాడికి ఏమొస్తుంది అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెబుతాను. అయితే దానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. ఇంత పచ్చటి కోనసీమలో, కొబ్బరి చెట్టు లేని పెరడు కనపడని చోట, ఇల్లు లేనివాళ్ళు ఉన్నారా?

ఉన్నారండీ. పగలు మనకి ఆనరు, అంతే. జనంలో కలిసిపోతారు. శనివారం వాడపల్లి వెంకన్న దగ్గరికి ఏడు వారాల మొక్కు తీర్చుకోడానికి వచ్చిన జనం మధ్య ఉంటారు. అంతర్వేది తీర్థంలో ఉంటారు. అయినవిల్లి వినాయకుడి గుడి దగ్గర, అప్పనపల్లి రేవు దగ్గర ఉంటారు. చూడ్డానికి యాత్రికుల్లాగే ఉంటారు. చేతిలో ఒక సంచీ, భుజాన ఒక తువ్వాలు. సాయంత్రానికి యాత్రికులు బస్సెక్కి ఇళ్ళకి వెళ్ళిపోతారు. వీళ్ళు మిగిలిపోతారు. పెద్ద ఊళ్ళల్లో అయితే రైల్వే ప్లాట్‌ఫారం మీద ఒక మూల తలదాచుకుంటారు. అమలాపురానికి ఇంకా రైలే రాలేదు. బస్టాండు, మూసేసిన షాపుల మెట్లు, గుళ్ళ మంటపాలు. ఇవే వాళ్ళకి దిక్కు.

వాళ్ళని చూడాలంటే తెల్లవారుజామున నాలుగింటికి బయటికి రావాలి. పరుగెత్తేవాళ్ళం ఆ వేళకే బయలుదేరతాం. మన గాలిలో తేమ ఎక్కువ. పొద్దెక్కితే నాలుగు అడుగులకే చొక్కా తడిసిపోతుంది. అందుకని చీకటితోనే మొదలుపెట్టాలి. నేను బడిపంతులుని. వయసు మళ్ళుతోంది, కాస్త ఒళ్ళు జాగ్రత్త చూసుకుందామని నడక మొదలుపెట్టాను. నడక మెల్లిగా పరుగయింది. ఎర్రవంతెన దగ్గర బయలుదేరి కాలవగట్టు వెంట వెళ్ళేవాణ్ణి. అప్పుడు కనిపించారు, షాపుల మెట్ల మీద పడుకున్నవాళ్ళు. అప్పటిదాకా ఆ దారిన పగలు ఎన్నో ఏళ్ళు తిరిగాను.

ఒక రోజు ఒక మామ్మగారు నన్ను ఆపారు. "బాబూ, టైమెంతయింది?" అన్నారు. నాలుగున్నర అన్నాను. "అయితే ఇంకో గంట ఉంది" అన్నారు. ఏమిటి మామ్మగారూ అంటే, ఆ షాపాయన అయిదున్నరకి వచ్చి షట్టరు తీస్తాడట. ఆ లోపల లేచి, పడుకున్న చోటు తుడిచి వెళ్ళిపోవాలి. ఆయన మంచివాడేనట, ఏమీ అనడట. కానీ లేవాలి కదా. నేను జేబులో ఉన్న డబ్బులు తీసి, "టిఫిను తినండి" అన్నాను. ఆవిడ పుచ్చుకున్నారు. పుచ్చుకుని ఒక మాట అన్నారు. "తిండికి లోటు లేదు బాబూ. ఎవరో ఒకరు పెడతారు. నిద్దరే లేదు."

శ్రోతలారా, ఈ మాట మళ్ళీ చెబుతాను, ఎందుకంటే నా ప్రసంగమంతా ఈ మాట చుట్టూనే. తిండికి లోటు లేదు. నిద్దరే లేదు.

ఆవిడ చెప్పింది నిజం. కోనసీమలో అన్నానికి లోటు లేదు. ఇది డొక్కా సీతమ్మ గారి గడ్డ. ఆవిడ 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలిగా వచ్చారు. భర్త జోగన్న గారు రైతు. గోదావరి దాటి అంతర్వేది వెళ్ళే యాత్రికులకి ఆ ఊరు దారిలో తగిలేది. వేళ కాని వేళ వచ్చినా ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. ఒకసారి ఆవిడే అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరి, దారిలో ఆకలితో తమ ఇంటికే వస్తున్న బాటసారుల మాట విని, దేవుణ్ణి తర్వాత చూడొచ్చని వెనక్కి తిరిగి వచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటాం. 1909లో ఆవిడ వెళ్ళిపోయారు. గన్నవరం అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టుకున్నాం. బడిలో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టుకున్నాం. ఇవాళ కూడా పుట్టినరోజైనా, పెళ్ళిరోజైనా, పెద్దల తద్దినమైనా ఒక పూట అన్నదానం చేద్దాం అనే ఆలోచన మనకి ముందు వస్తుంది. చాలా గొప్ప అలవాటు. అది పోకూడదు.

అయితే ఆ రోజుల్లో అన్నంతో పాటు ఇంకోటి కూడా ఉండేదండీ. వీధరుగు. మన మండువా లోగిళ్ళు గుర్తు తెచ్చుకోండి. గుమ్మానికి అటూ ఇటూ ఎత్తైన అరుగులు. పైన పెంకుల చూరు. రాత్రి పొద్దుపోయాక వచ్చిన బాటసారి ఎవరినీ అడగకుండానే ఆ అరుగు మీద కండువా పరుచుకుని పడుకునేవాడు. తెల్లారాక ఇంటివాళ్ళు ఎవరు నాయనా, ఏ ఊరు అని అడిగేవారు. ముందు నిద్ర, తర్వాత ప్రశ్న. సత్రాలూ ఉండేవి. ఇప్పుడు అరుగు పోయి ప్రహరీ వచ్చింది. ప్రహరీకి గేటు, గేటుకి తాళం, తాళం మీద కెమెరా. ఎవరినీ తప్పు పట్టడం లేదు, రోజులు అలా ఉన్నాయి. కానీ అరుగు పోయిన చోట దానికి బదులు మనం ఏమీ పెట్టలేదు. అన్నం పెడుతున్నాం. పడక పెట్టడం లేదు.

మరి మనకి ఇల్లు పోవడం అంటే ఏమిటో తెలియక కాదు. మనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? 1996 నవంబరు 6. దీపావళి ఇంకా నాలుగు రోజులుందనగా వచ్చిన ఆ తుపాను రాత్రిని నా వయసువాళ్ళు ఎవరూ మరిచిపోలేదు. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకారుల ఊళ్ళు ఎంతమందిని పోగొట్టుకున్నాయో. ఒక్క రాత్రిలో కోనసీమలో లక్షల మంది నెత్తిన కప్పు లేకుండా నిలబడ్డారు. బళ్ళల్లో పడుకున్నారు, చర్చీల్లో పడుకున్నారు, గుళ్ళల్లో పడుకున్నారు. ఎక్కడెక్కడి నుంచో లారీలు వచ్చాయి. బియ్యం వచ్చాయి, దుప్పట్లు వచ్చాయి, టార్పాలిన్లు వచ్చాయి. తర్వాత ఇళ్ళు లేచాయి. ఎందుకు లేచాయి? అందరికీ ఒకేసారి ఇల్లు పోయింది కాబట్టి. అది అందరికీ కనిపించింది కాబట్టి.

ఆ మామ్మగారికి ఇల్లు పోయింది తుపానులో కాదు. భర్త పోయాక వాటాలు వేసుకున్నప్పుడు పోయింది. ఒకరికి మందు అలవాటు వల్ల పోయింది. ఒకరికి మతి తప్పి, ఏ ఊరి బస్సెక్కాడో ఏ ఊళ్ళో దిగాడో తెలియక పోయింది. లంకల్లో ఒకరికి గోదావరి ఒడ్డు కోసుకుపోయి ఇంటి స్థలమే నీళ్ళల్లో కలిసిపోయింది. కొడుకూ కోడలూ గల్ఫ్‌లో ఉంటే, పంపిన డబ్బు మధ్యలో ఎవరి చేతికో చేరి, ముసలాయన వీధిన పడ్డాడు. ఇలా ఒక్కొక్కరికి ఒక్కో రాత్రి పోయింది. తుపాను వస్తే పేరు పెడతారు, లారీలు వస్తాయి. ఒక్క మనిషికి ఇల్లు పోతే ఏ లారీ రాదు. ఇక్కడే పరుగు పని మొదలవుతుంది.

ప్రభుత్వం ఏమీ చెయ్యడం లేదా అంటారేమో. చట్టాలున్నాయి. తల్లిదండ్రుల్ని వీధిలో వదిలేస్తే నేరం అని 2007లోనే చట్టం వచ్చింది. పోషణ కోసం ఆర్డీవో గారి ఆధ్వర్యంలో ఉండే ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. పట్టణాల్లో లక్ష జనాభాకి ఒకటి చొప్పున, ఏడాది పొడుగునా రాత్రీ పగలూ తెరిచి ఉండే ఆశ్రయ గృహం ఉండాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. తర్వాత కేంద్రం పథకం కూడా పెట్టింది. అయితే అది పట్టణాల కోసం పెట్టిన పథకం. రాజోలు పంచాయతీ. కొత్తపేట పంచాయతీ. వాడపల్లి, అంతర్వేది పల్లెలు. పట్టణాల పథకం ఇక్కడిదాకా రాదు. ఇక్కడ ఆ బరువు మోస్తున్నది చిన్న చిన్న ఆశ్రమాలు. ఎవరో ఒక రిటైరైన నర్సు, ఎవరో ఒక ఆటో ఆయన, ఒక పాస్టరు గారు, ఒక భజన మండలి వాళ్ళు. అద్దె ఇంట్లో పది మంచాలు వేసి నడుపుతుంటారు.

అలాంటి ఒక ఆశ్రమానికి వెళ్ళి, మీకు ఏం కావాలండీ అని అడిగాను. వాళ్ళు బీరువా తెరిచి ఒక క్యాలెండరు చూపించారు. అన్నదానాల క్యాలెండరు. చాలా రోజులకి పేర్లు రాసి ఉన్నాయి. కార్తీక మాసంలో అయితే ఒక్కో రోజుకి ఇద్దరు దాతలు. "అన్నం ఇచ్చేవాళ్ళు ఉన్నారండీ" అన్నారు ఆ నడిపేవాళ్ళు. "రాత్రి కాపలా మనిషికి జీతం ఎవరూ ఇవ్వరు. బాత్‌రూము కడిగే మనిషికి ఎవరూ ఇవ్వరు. మంచం మీద ఉన్నవాళ్ళకి డైపర్లు, బీపీ మాత్రలు, దోమతెరలు, ఇంటి అద్దె. వీటి మీద పేరు రాయించుకోరండీ ఎవరూ."

చూశారా, పడక అంటే ఒక మంచం కాదు. మంచం ఒక్కసారి కొంటే చాలు. దాని మీద ఒక మనిషి రాత్రంతా భయం లేకుండా పడుకోవాలంటే ప్రతి నెలా డబ్బు కావాలి. ప్రతి నెలా. ఇది ఒక్క పూటతో అయ్యే దానం కాదు.

ఇంకో సంగతి కూడా అక్కడే నాకు అర్థమయింది. వీధిలో ఉన్న మనిషికి అడ్రసు ఉండదు. అడ్రసు లేకపోతే ఆధార్ దొరకడం కష్టం. ఆధార్ లేకపోతే పింఛను జాబితాలో పేరే ఎక్కదు. మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకి 4,000 రూపాయలు. అది అందరికన్నా ఎవరికి కావాలి? ఆ షాపు మెట్ల మీద పడుకున్నావిడకి. అందరికన్నా ఎవరికి అందదు? ఆవిడకే. గుర్తింపు ఉన్న ఆశ్రమం వాళ్ళు ఈవిడ మా దగ్గర ఉంటున్నారని పత్రం రాసిస్తే ఆధార్‌కి అది పనికొస్తుంది. అంటే ఒక కప్పు కింద చేరితే అడ్రసు వస్తుంది. అడ్రసు వస్తే కార్డు వస్తుంది. కార్డు వస్తే పింఛనుకి దారి దొరుకుతుంది. దీనికి కావలసింది ఓపికగా ఆఫీసుల చుట్టూ తిరిగే ఒక మనిషి, ఆ మనిషికి ఆటో ఖర్చు. ఈ ఖర్చుకి దాతలు దొరకరు. కాబట్టి పరుగెత్తి అడగాల్సి వచ్చింది.

పరుగెత్తి అడగడం ఏమిటి, ఊరికే అడగొచ్చు కదా? అడగొచ్చు. నేను అడిగాను కూడా. ఊరికే అడిగితే మొహమాటానికి ఒక వంద ఇచ్చి పంపేస్తారు. మళ్ళీ ఆ వీధికి వెళ్ళలేం. పరుగెత్తుతున్నాను అంటే ఏమవుతుందో చెబుతాను. "ఎంత దూరం మాస్టారూ?" అంటారు. "ఈ వయసులోనా?" అంటారు. "ఎందుకండీ?" అంటారు. ఆ మూడో ప్రశ్న కోసమే అండీ పరుగంతా. ఎందుకండీ అని వాళ్ళంతట వాళ్ళు అడిగాక, షాపు మెట్ల మీది మామ్మగారి సంగతి చెబితే కూర్చుని వింటారు.

లండన్‌లోనూ ముంబైలోనూ పెద్ద ఎత్తున జరిగేది ఇదే. ముంబై మారథాన్ 2004లో మొదలైంది. ఏటా జనవరిలో జరుగుతుంది. అక్కడ పరుగెత్తేవాళ్ళలో చాలామంది ఒక్కో సేవాసంస్థ పేరు మీద, తెలిసినవాళ్ళ దగ్గర చందాలు పోగుచేసి పరుగెత్తుతారు. లండన్‌లో ఫౌజా సింగ్ గారని ఒక సిక్కు పెద్దాయన ఉండేవారు. జలంధర్ దగ్గర పల్లెటూరి రైతు. భార్య పోయారు. కళ్ళ ముందే కొడుకు పోయాడు. ఆ దుఃఖంలోంచి బయటపడడానికి ఎనభై దాటాక పరుగు పట్టుకున్నారు. 2000లో మొదటిసారి లండన్ మారథాన్ పరుగెత్తినప్పుడు పాస్‌పోర్టు లెక్క ప్రకారం ఆయన వయసు 89. నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లల కోసం పనిచేసే సంస్థకి డబ్బు పోగుచెయ్యడానికి పరుగెత్తారు. చదువు లేదు, ఇంగ్లీషు రాదు. ఆయన పరుగే ఆయన అర్జీ. 2025 జూలైలో సొంత ఊరి దగ్గర రోడ్డు ప్రమాదంలో పోయారు. ఈ మధ్య నాకు కాళ్ళు లాగినప్పుడల్లా గుర్తొచ్చే మనిషి ఆయనే.

నేను పరుగెత్తింది హైదరాబాద్ మారథాన్‌లో. ఆగస్టు చివర్లో జరుగుతుంది. నెక్లెస్ రోడ్డులో మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. మధ్యలో అన్నీ ఎత్తుపల్లాలే. ఫ్లైఓవరు ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. కోనసీమవాడికి అదీ పరీక్ష. మనకి కొండ ఎక్కడుంది? ఏ వైపు చూసినా చేలూ తోటలే, అంతా చదును. మనకున్న ఎత్తల్లా గోదావరి మీద వంతెనలూ ఏటిగట్లూ. అందుకని ఆదివారం ఆదివారం బోడసకుర్రు వంతెన మీదికి వెళ్ళి అటూ ఇటూ ఎక్కి దిగేవాణ్ణి. చేపలు పట్టేవాళ్ళు కింద పడవల్లోంచి కేకేసేవారు. "ఆయ్, మాస్టారండీ, ఏదైనా పోయిందాండీ?" అని. ఏమీ పోలేదు, ఇందుకోసం అని చెబితే, తర్వాతి వారం వాళ్ళలో ఒకాయన ఇరవై రూపాయల నోటు మడిచి తెచ్చి ఇచ్చాడు. ఆ ఏడాది నాకు అందిన చందాల్లో దాన్ని మించింది లేదు.

చందా పద్ధతి చాలా తేలిక. కిలోమీటరుకి ఇంత అని అడిగాను. కిలోమీటరుకి పది రూపాయలంటే 42 కిలోమీటర్లకి 420 రూపాయలు. వంద మంది ఒప్పుకుంటే 42,000. పది రూపాయలు కుదరకపోతే రూపాయి. మా బడిపిల్లలు రూపాయి లెక్కన ఇచ్చారు. 42 రూపాయలు. పిల్లలకి అదొక లెక్కల పాఠం కూడా అయింది. ముఖ్యమైన మాట, నేను పరుగు పూర్తి చేస్తేనే ఇమ్మన్నాను. అప్పుడు నా పరుగు నా ఒక్కడిది కాకుండా పోయింది. "మాస్టారూ, కాళ్ళు జాగ్రత్త, నా నాలుగొందల ఇరవై మీ కాళ్ళ మీదే ఉంది" అని కిరాణా కొట్టాయన రోజూ అనేవాడు. వాళ్ళందరూ నాతో పరుగెత్తినట్టే.

ముప్ఫై కిలోమీటర్లు దాటాక ఏమవుతుందో పరుగెత్తినవాళ్ళందరికీ తెలుసు. కండరాల్లోనూ కాలేయంలోనూ దాచుకున్న పిండిపదార్థపు శక్తి అడుగంటుతుంది. కాలు ముందుకి పడదు. బుర్ర పనిచెయ్యదు. మిగిలిన పన్నెండు కిలోమీటర్లు అంతకు ముందు ముప్ఫైకన్నా పెద్దవి. అక్కడే చాలామంది ఆగిపోతారు. ఆ సమయంలో నాకు ఒకటే ఆలోచన. నాకు ఇంకో గంటా రెండు గంటల్లో ఇది అయిపోతుంది. స్నానం చేసి మంచం మీద పడుకుంటాను. రోడ్డు మీద ఉన్న మనిషికి ఈ అలసటకి ముగింపు గీత ఎక్కడుంది? ఆ ఆలోచనే నన్ను స్టేడియం దాకా తీసుకెళ్ళింది.

పరుగెత్తాలని ఉన్నవాళ్ళకి ఒక జాగ్రత్త. నలభై దాటినవాళ్ళు, బీపీ షుగరు ఉన్నవాళ్ళు డాక్టరు గారిని కలవకుండా మొదలుపెట్టకండి. ఒక్కసారిగా 42 కిలోమీటర్లకి వెళ్ళకండి. నెలల తరబడి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి. చెమటలో ఉప్పు పోతుంది, ఉట్టి మంచినీళ్ళే అదేపనిగా తాగడం కూడా ప్రమాదమే. ఉప్పేసిన మజ్జిగ తాగండి. మన మజ్జిగ కన్నా మంచిది నాకు ఇంతవరకూ తగల్లేదు.

ఇంతవరకూ ఇల్లు లేనివాళ్ళ కోసం పరుగెత్తడం గురించి చెప్పాను. వాళ్ళతో కలిసి పరుగెత్తినవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికాలో ఫిలడెల్ఫియా అనే ఊరు. 2007లో ఆన్ మాలమ్ అనే అమ్మాయి రోజూ తెల్లవారుజామున పరుగుకి వెళ్ళేది. దారిలో ఇల్లు లేనివాళ్ళ ఆశ్రయ గృహం ఒకటి ఉండేది. బయట నిలబడ్డ మగవాళ్ళు ఆమెని చూసి చెయ్యూపి పలకరించేవారు. రోజూ వీళ్ళని దాటి వెళ్ళిపోవడమేమిటి, వీళ్ళనీ పిలుద్దాం అనుకుంది. ఆ నిర్వాహకులతో మాట్లాడి, బూట్లు సంపాదించి, వాళ్ళతో కలిసి పరుగు మొదలుపెట్టింది. అదిప్పుడు అమెరికాలో ఎన్నో నగరాల్లో పనిచేసే సంస్థ. వాళ్ళ నియమం నాకు చాలా నచ్చింది. నెల రోజులపాటు పొద్దున్నే పరుగులకి క్రమం తప్పకుండా, నూటికి తొంభై సార్లు వస్తే, ఉద్యోగ శిక్షణకీ ఇల్లు వెతుక్కోడానికీ సంస్థ సాయం చేస్తుంది. వీధిలో పడుకునే మనిషిని ఎవరూ పేరు పెట్టి పిలవరు. అక్కడ పొద్దున్నే పేరు పెట్టి పిలిచి, ఇవాళ వచ్చావా అని అడిగేవాళ్ళు ఉంటారు. సగం మందు అదే.

మన ఆశ్రమాల్లో ఉన్నవాళ్ళు ఎక్కువమంది ముసలివాళ్ళు. పరుగెత్తలేరు. కానీ సాయంత్రం పూట కాలవగట్టు మీద నాలుగు అడుగులు నడవగలరు. మా పిల్లలు కొందరు ఆదివారాలు వెళ్ళి వాళ్ళతో నడుస్తున్నారు. ఒక తాతగారు మా అబ్బాయిలకి కొబ్బరికాయ దింపు గురించీ, పీచు తీసే పని గురించీ గంటలు గంటలు చెబుతారు. ఆయన అంతకు ముందు నెలల తరబడి నోరు విప్పలేదని ఆశ్రమం వాళ్ళు చెప్పారు.

దూరదేశాల్లో ఉన్న మనవాళ్ళతో కూడా ఒక మాట. అమెరికాలో ఆశా అనే సంస్థ 1991 నుంచి మన దేశంలో పేదపిల్లల చదువు కోసం పనిచేస్తోంది. అక్కడి ఇంజనీర్లు మారథాన్‌కి తర్ఫీదు పొంది, పరుగెత్తి, దానికి విరాళాలు పోగుచేస్తారు. అక్కడి తెలుగువాళ్ళ సంఘం తానా వాళ్ళు మన ఊరి కోసం అంటూ అయిదు కిలోమీటర్ల పరుగులు పెట్టారు. కాబట్టి ఇది మనవాళ్ళకి కొత్త కాదు. బడికి ఇచ్చారు, గ్రంథాలయానికి ఇచ్చారు, గుడికి ఇచ్చారు. ఈసారి పడకకి ఇవ్వండి అని నా మనవి. కువైట్‌లో, మస్కట్‌లో, దుబాయ్‌లో కష్టపడుతున్న మన రాజోలు, మలికిపురం, మామిడికుదురు వాళ్ళు చాలామంది ఈ ప్రాంతానికి పెద్ద దిక్కు. భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం లెక్కలోకి రాదు. వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నవాళ్ళు మాత్రం, విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి ఉన్న సంస్థకే ఇవ్వాలి. ఇది తెలుసుకుని ఇస్తే ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ చిక్కు ఉండదు.

ఇక ఇక్కడ ఉన్న మనం. మారథానే పరుగెత్తనక్కర్లేదండీ. సంక్రాంతికి అందరూ ఊళ్ళకి వస్తారు. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థానికి ఊళ్ళకి ఊళ్ళే కదులుతాయి. అంత పెద్ద ప్రభల్ని భుజాల మీద కౌశిక నది దాటించే కుర్రాళ్ళున్న చోటు ఇది. ఆ భుజాలకీ ఆ కాళ్ళకీ అయిదు కిలోమీటర్లు ఒక లెక్కా? భోగి ముందు ఒక ఆదివారం మీ ఊళ్ళో అయిదు కిలోమీటర్ల పరుగు పెట్టండి. పరుగెత్తలేనివాళ్ళు నడవండి. కిలోమీటరుకి ఇంత అని చందా వేయించండి.

అయితే మూడు పనులు తప్పకుండా చెయ్యండి. డబ్బు ఏ ఆశ్రమానికో, అందులో ఏ ఖర్చుకో ముందే చెప్పండి. ఆ ఆశ్రమానికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసి, ఇచ్చినదానికి రసీదు తీసుకోండి. పరుగు అయ్యాక వచ్చిన ప్రతి రూపాయి లెక్క రామాలయం దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో పైకి చదివి వినిపించండి. లెక్క వినిపిస్తే రెండో ఏడాది చందా అడగడానికి మొహం ఉంటుంది. ఇంకొక్క మాట కూడా చెప్పాలి. ఆశ్రమంలో ఉన్న ముసలివాళ్ళ పక్కన నిలబడి దుప్పటి ఇస్తూ ఫొటోలు తీయించుకోకండి. వాళ్ళూ ఒకప్పుడు ఇంటి పెద్దలే. వాళ్ళ మొహం వాళ్ళది.

పరుగెత్తడానికి వీలులేనివాళ్ళు, చందా ఇవ్వలేనివాళ్ళు కూడా చెయ్యగల పని ఒకటి ఉంది. మీ వీధిలో, మీ గుడి దగ్గర, మీ షాపు మెట్ల మీద దిక్కులేకుండా ఉన్న పెద్దవయసు వాళ్ళు కనిపిస్తే 14567 అనే నంబరుకి ఫోను చెయ్యండి. ఇది పెద్దల కోసం పెట్టిన జాతీయ సహాయవాణి. డబ్బు కట్టక్కర్లేదు. పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతారు. మతి తప్పి రోడ్డు మీద తిరుగుతున్నవాళ్ళు కనిపిస్తే పోలీసులకి చెప్పండి. అలాంటివాళ్ళని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ఆసుపత్రికి చేర్చాల్సిన బాధ్యత 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం పోలీసులదే. అడిగే హక్కు మీకుంది.

కాగితం, కలం దగ్గర పెట్టుకోండి. ఆ నంబరు మళ్ళీ చెబుతున్నాను. ఒకటి, నాలుగు, అయిదు, ఆరు, ఏడు. ఒకటి, నాలుగు, అయిదు, ఆరు, ఏడు. గోడ మీద రాసిపెట్టుకోండి. ఈ రాత్రి మీ వీధిలో ఎవరైనా మెట్ల మీద పడుకుంటే, రేపు పొద్దున్న ఎనిమిదింటికి ఆ నంబరుకి ఫోను చెయ్యండి.